సుంకులమ్మ పళ్ళెం

"బండ్లొచ్చినాయి! గోరీల మిట్టకు బండ్లొచ్చినాయి!"

వీధి ఆ చివర నుంచి కేక. వేసింది ఎవరో తెలీదు గానీ, బండమిట్ట ఊళ్ళో ఆ కేక వినపడని ఇల్లు లేదు.

రెడ్డిగారి పెరట్లో అంట్లు తోముతున్న సుంకులమ్మకు వినపడింది. చేతిలో ఇత్తడి పళ్ళెం ఉంది. వేళ్ళ సందుల్లో చింతపండు పిప్పి ఉంది. దిగ్గున లేచింది. పళ్ళెం కింద పెట్టాలన్న సంగతి కూడా తోచలేదు. అట్లనే పరుగెత్తింది.

"ఏమ్మే సుంకులూ! పళ్ళెం పెట్టి పో! మా పుట్టింటి పళ్ళెం అది!" అని రెడ్డిగారి భార్య నాగక్క వెనకనుంచి అరిచింది.

ఆ పళ్ళెం మళ్ళీ ఆ ఇంటి గూట్లోకి పోలేదు. ఎందుకు పోలేదో అదే కథ. ఆమెను పరుగెత్తనివ్వండి. మిట్ట ఎక్కడానికి కాస్త సేపు పడుతుంది, ఆమె చేరేలోపల వెనక జరిగింది చెప్పుకుందాం.

ఇది ఎప్పటి మాటంటే, కొండకో పాళెగాడు ఉండే కాలం, ప్రతి పాళెగాడికీ ఇంకో బురుజు కావాలనిపించే కాలం, మా తాతల తాతలకు పాలపళ్ళయినా రాని కాలం. ముసలివాళ్ళను అడిగితే "శానా ముందు" అంటారు. ఎంత ముందని అడిగితే కసురుకుంటారు. శానా ముందు, అంతే.

ఆ కాలంలో బండమిట్టకు గత్తర రోగం వచ్చింది. పొద్దున ఒకణ్ణి మోసిన వాణ్ణి సాయంత్రానికి ఇంకొకడు మోశాడు. మామూలు రోజుల్లో చావులో కూడా ఎవరి చోటు వాళ్ళది. పెద్దిళ్ళ వాళ్ళది వాగుకు పైన, చిన్నిళ్ళ వాళ్ళది వాగుకు కింద, సాయిబులది తోపు వెనక. గత్తరలో అన్ని చోట్లకు మోసే భుజాలు ఎక్కడివి? అందుకని ఊరికి దగ్గరున్న మిట్ట మీదే గుంటలు తీసి, వచ్చినవాళ్ళను వచ్చినట్టు పడుకోబెట్టారు. రైతు పక్కన కుమ్మరి. కుమ్మరి పక్కన దూదేకుల సాయిబు. సాయిబు పక్కన అంట్లు తోమేదాని బిడ్డ.

ఆ బిడ్డ సుంకులమ్మ బిడ్డ. పేరు ఓబుళమ్మ.

ఊళ్ళో కంబన్న అని రాతిపనివాడు ఒకడున్నాడు. పోయినవాళ్ళకు తలా ఒక నాపరాయి నిలబెడతానని మొక్కుకున్నాడు. రాయి మీద పైన పేరు, కింద బొమ్మ. పేరు చదవగలిగే వాళ్ళు ఊళ్ళో ఒకరో ఇద్దరో, బొమ్మయితే అందరికీ తెలుస్తుందని. రైతుకు కొడవలి. కుమ్మరికి కుండ. దూదేకుల వాళ్ళకు దూదేకే విల్లు.

"నీ బిడ్డకు ఏం చెక్కను సుంకులమ్మా? ఏం పని చేసేది?" అని అడిగాడు కంబన్న.

"ఏం పని చేస్తాది అన్నా? పళ్ళూడని పిల్ల. గజ్జెలు కట్టుకోని ఇంటి నిండా గంతులేసేది."

కంబన్న తల వంచుకుని ఆ రాయి మీద ఒక గజ్జె చెక్కాడు. లోతుగా చెక్కలేదు. ఏ రాయీ లోతుగా చెక్కలేదు. అంత తీరిక గత్తర ఇవ్వలేదు. గోరుతో గీరినట్టు గీరి, తర్వాతి రాయికి పోయేవాడు. ఓబుళమ్మ రాయి నిలబెట్టిన మర్నాడు కంబన్న కూడా పోయాడు. ఉలి పట్టుకోవడం ఊళ్ళో ఇంకెవరికీ రాదు.

గత్తర పోయింది. మిగిలినవాళ్ళు మిగిలారు. ప్రతి ఏడూ చైత్ర అమావాస్య నాడు ఊరంతా మిట్ట మీదికి పోయి, రాళ్ళు కడిగి, అక్కడే వండుకుని, ఒకే వరసలో కూర్చుని తినేది. పెద్దిల్లు, చిన్నిల్లు అని లేదు. "కింద వాళ్ళు ఒకే వరసలో ఉండారు, పైన మనమెందుకు వేరే?" అనేవాళ్ళు. మిగిలిన రోజుల్లో ఎవరి గడప వాళ్ళదేలెండి. ఆ ఒక్క పూట మాత్రం అట్లా.

ఇప్పుడు సుంకులమ్మ సంగతి. మొగుడు లేడు, బిడ్డ లేదు. ఆమెకు తెలిసిన ప్రేమ ఒకటే, తోమడం. ఏ ఇంట్లో ఏ గిన్నె ఇచ్చినా చింతపండు, ఇసుక వేసి తోమి, ఎండకు పట్టి చూసుకుని, "మెరిస్తే బతికినట్టే" అనేది. అందుకని బిడ్డ రాయిని కూడా చింతపండు, ఇసుక వేసి తోమింది. నాపరాయి మీద చింతపండు పడితే ఏమవుతుంది? బుసబుసమని నురగ వస్తుంది. సుంకులమ్మ ఆ నురగ చూసి మురికి పోతోందనుకుంది. కడిగితే రాయి పాలలాగా తెల్లగా తేలింది.

"మెరిస్తే బతికినట్టే" అంది రాయి నిమురుతూ.

పక్క గోరీ వాళ్ళు చూశారు. "అబ్బ, దానిది చూడు ఎట్లుందో! మాదేమో పొయ్యి గోడ లెక్కుంది." నాగక్క ఊరుకుంటుందా? "మా మామ రాయి కంటే దాని బిడ్డ రాయి తెల్లగా ఉంటాదా? తేండి మే, గంపెడు చింతపండు తేండి!" అంది. అంతే. ఆ ఏడు నుంచి ఊరు ఊరంతా తోమింది. తోమి, నురగ చూసి, మురిసిపోయింది. అందరూ ఏడాదికి ఒకసారి తోమితే సుంకులమ్మ ప్రతి అమావాస్యకూ తోమింది. బిడ్డకు తలంటు పోసినట్టు.

బొమ్మల వంక ఎవరూ చూడలేదు. చూడాల్సిన పనేముంది? ఎవరి రాయి ఎక్కడుందో కాళ్ళకే తెలుసు.

అట్లా ఏండ్లు గడిచాక ఒక వానాకాలం వాగు పొంగి మిట్ట ఎక్కింది. దిగిపోయాక చూస్తే గోరీల ఆనవాలు లేదు. రాళ్ళు ఒకచోటు నుంచి ఇంకోచోటికి కొట్టుకొచ్చి ఒండ్రులో కూరుకుపోయాయి. ఊరంతా చేరి తవ్వి తీసి, మళ్ళీ వరసలు కట్టి నిలబెట్టింది. ఏ రాయి ఎవరిదో అన్న జగడం అప్పుడు మొదలయింది.

"ఇది మా మామది" అంది నాగక్క.

"కాదమ్మా, మా నాయనది" అన్నాడు దూదేకుల దస్తగిరి.

"అయితే విల్లు చూపించు."

"నువ్వు కొడవలి చూపించు."

ఇద్దరూ వంగి చూశారు. విల్లు లేదు, కొడవలి లేదు. ఆ పక్క రాయి మీద కుండ లేదు. ఏ రాయి మీదా ఏమీ లేదు. అన్నీ తెల్లగా, నున్నగా, మూగగా ఉన్నాయి.

దస్తగిరి సద్దిమూటలో పులుసు ముంత ఉంది. ఆ పెనుగులాటలో అది ఒలికి రాయి మీద పడింది. బుసబుసమని నురగ లేచింది. దస్తగిరి ఆ నురగను వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పిండి లాగా తగిలింది.

"మురికి కాదు ఇది. రాయే కరుగుతాండాది" అన్నాడు. "మనమే తినేసినాం. ఏడాదికింత తినేసినాం."

అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. ఊళ్ళో ప్రతి చెయ్యీ తోమిందే. కానీ ఇట్లాంటప్పుడు వేలు చూపించడానికి ఒక మనిషి కావాలి కదా.

"నేర్పింది నువ్వే గదే!" అంది నాగక్క. "మా మామ పేరు కడిగి వాగులో పోసినావు గదే ముండా!"

సుంకులమ్మ రాళ్ళ మధ్యకు పోయి ఒక్కొక్కటే తడిమింది. ఏ రాయి తన బిడ్డదో ఆమెకూ తెలియడం లేదు.

ఆ వచ్చిన చైత్ర అమావాస్య నాడు మిట్ట మీద పొయ్యిలు వెలిగాయి గానీ ఎవరూ వరసలో కూర్చోలేదు. ఎవరి కుండ వాళ్ళు నెత్తినెత్తుకుని ఇండ్లకు పోయారు. ఆ మరుసటి ఏడు పొయ్యిలు కూడా వెలగలేదు.

ఈ సంగతి పాళెగాడి చెవిన పడింది. ఆయనకు కొత్త బురుజుకు రాళ్ళు కావాలి. తవ్వి, చదును చేసి, తెల్లగా కడిగి పెట్టిన నాపరాళ్ళు మిట్ట నిండా ఉన్నాయి, పైగా ఎవరివో ఎవరికీ తెలీదట! ఇంకేం కావాలి. బండ్లు కట్టించి, కోట పని చూసే మారప్పను పంపాడు.

అదిగో, సుంకులమ్మ మిట్ట చేరింది.

మారప్ప బండి మీద నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం నగారా.

"చాటింపు వినండి! రాయి మీద పేరుంటే మీది, పేరు లేకుంటే బురుజుది!"

"ఆగు సామీ!" సుంకులమ్మ బండి చక్రానికి అడ్డం పడింది. "నా బిడ్డ రాయి ఉండాది ఇక్కడ."

"ఏది? చూపించు."

సుంకులమ్మ రాళ్ళ వంక చూసింది. ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. చూపించలేకపోయింది.

"మల్ల?" అన్నాడు మారప్ప. "పేరుంటే మీది, పేరు లేకుంటే బురుజుది."

వాగు పక్క వరస మొత్తం పెకిలించి బండ్లకెత్తారు. ఎత్తేటప్పుడు ఒక రాయి జారి రెండు ముక్కలయింది. ఆ వరసలో ఎవరెవరు ఉన్నారో ఈనాటికీ తెలీదు. కుండవాళ్ళో, కొడవలి వాళ్ళో. ఊరివాళ్ళు దూరంగా నిలబడి చూశారు. ఎవరి రాయి పోతోందో తెలిస్తే కదా ఎవరైనా ఏడిచేది!

"ఉగాది పోనిచ్చి మళ్ళొస్తా" అన్నాడు మారప్ప.

సుంకులమ్మ పళ్ళెం పట్టుకుని మిట్ట మీదే కూలబడింది. ఓబుళమ్మ ఆ బండ్లలో పోయిందా, ఇంకా ఇక్కడే ఉందా? అదైనా తెలియాలి. తెలియాలంటే మూగ రాళ్ళు పలకాలి.

మొదట ఆముదం తెచ్చింది. రెడ్డిగారి తలుపు చెక్కడాలు ఆముదం పూస్తే తేరుకోవడం ఆమె చూసింది. రాళ్ళకు ఆముదం పూసింది. రాళ్ళు నల్లబడ్డాయి. దుమ్ము పట్టింది, చీమలు పట్టాయి. రాయి పలకలేదు.

తర్వాత సున్నం తెచ్చింది. గీతల్లో సున్నం నిలిస్తే బొమ్మ తేలుతుందనుకుంది. ఎండకు సున్నం పెచ్చులు లేచింది. పెచ్చుతో పాటు రాయి చర్మం కూడా ఊడి వచ్చింది. రాయి పలకలేదు.

ఉగాది పోయింది. మారప్ప వచ్చాడు. ఆముదం పూసిన వరస, సున్నం కొట్టిన వరస చూసి పగలబడి నవ్వాడు.

"ఒరేయ్, ఈయమ్మ సున్నం గూడా కొట్టి పెట్టింది. మనకు ఖర్చు తగ్గించింది రా!" మళ్ళీ అదే చాటింపు. "పేరుంటే మీది, పేరు లేకుంటే బురుజుది." ఆ సున్నం వరస కూడా బండ్లకెక్కింది. "వచ్చే అమావాస్యకు మిగిలినవి" అన్నాడు.

ఆ సాయంత్రం దస్తగిరి మిట్ట ఎక్కి వచ్చాడు. సుంకులమ్మ ఇసుక చేత్తో పట్టుకుని మిగిలిన రాళ్ళ ముందు కూర్చుని ఉంది.

"ఇంక ఏం పూస్తావక్కా? పెరుగు పూస్తావా, వాతపెడతావా?"

"ఎగతాళి జెయ్యి అబ్బీ. జెయ్యి. నాకు తోమడం తప్ప ఏం తెలుసు?"

"ఎగతాళి కాదు." పక్కన కూర్చున్నాడు. "నేను దూది ఏకడం నేర్చుకునేటప్పుడు మా నాయన నా చెయ్యి మీద కొట్టేవాడు. గట్టిగా కొడితే పోగు తెగుతాది, దుమ్మవుతాది అనేవాడు. నీ చేతికి బలం జాస్తి. దాన్ని ఊరికే ఉండడం నేర్పు."

ఇసుక పారబోయించాడు. భుజాన ఉన్న మూటలోంచి ఏకిన దూది తీసి ఇచ్చాడు. వాగు నీళ్ళు తెచ్చాడు. వేరే ఏమీ లేదు, నీళ్ళు, దూది. రుద్దడం లేదు. దూది తడిపి రాయి మీద ఒత్తాలి, మురికి దూదికి ఎక్కే దాకా ఆగాలి, ఎత్తాలి, పారెయ్యాలి, మళ్ళీ కొత్త దూది. సుంకులమ్మ చెయ్యి రుద్దుదామని ఉరికినప్పుడల్లా దస్తగిరి మణికట్టు పట్టుకుని ఆపేవాడు.

"ఒత్తక్కా. తోమొద్దు."

"ఒత్తతాండా లేరా!"

మర్నాడు మధ్యాహ్నానికి ఒక రాయి శుభ్రమైంది. శుభ్రమైంది గానీ పలకలేదు. సుంకులమ్మ ఒళ్ళోని పళ్ళేన్ని పక్క రాయికి ఆనించి, నడుము పట్టుకుని లేచింది. ఆ పళ్ళెం ఆమె చేతి పళ్ళెం, అద్దంలా తోమిన పళ్ళెం. నడినెత్తి ఎండ దాని మీద పడి, అక్కడి నుంచి ఎగిరి, కడిగిన రాయి మీద అడ్డంగా పాకింది.

రాయి మీద ఒక వంకర నీడ లేచింది.

సుంకులమ్మ వంగి చూసింది. పళ్ళెం కదిపింది. నీడ పోయింది. మళ్ళీ తెచ్చింది. నీడ వచ్చింది. వంకర, కింద పిడి.

"దస్తగిరీ! కొడవలి! కొడవలి రా అబ్బీ!"

రాయి పలికింది. మూగ చేసింది చింతపండే, చూపు ఇచ్చిందీ చింతపండుతో తోమిన పళ్ళెమే. ఈ మాట చెప్పేటప్పుడు మా ఊరి ముసలమ్మలు ఒకసారి ఆగి, ముక్కు చీదుకుని, అప్పుడు ముందుకు పోతారు.

సుంకులమ్మ నేరుగా రెడ్డిగారింటికి పోయింది.

"నా పళ్ళెం తెచ్చినావా?" అంది నాగక్క, గడప దాటకుండానే.

"తెచ్చినా అమ్మా. కొడవలి రాయి ఒకటి పలికింది, మీ మామదేనేమో. వచ్చి చూడు."

నాగక్క తిట్టుకుంటూనే వచ్చింది. సుంకులమ్మ పళ్ళెం పట్టింది. కొడవలి లేచింది. కొడవలి పైన, సన్నగా, తెగిపోయిన దారంలాగా, పేరు కూడా లేచింది. ఊళ్ళో చదువుకున్న ముసలాయన ఒకాయన కూడబలుక్కుని చదివాడు. నాగక్క మామ పేరే. నాగక్క తిట్లు అక్కడే ఆగిపోయాయి. కొంగు నోట్లో కుక్కుకుని రాయి ముందు కూర్చుంది.

"పళ్ళెం నీ దగ్గరే పెట్టుకో" అంది లేస్తూ. ఆమె నోటి వెంట అంతకంటే మెత్తని మాట ఎవరూ విని ఉండరు.

ఇక ఊరు మిట్టకు కదిలింది. ఒక్కొక్క ఇల్లూ దూది తెచ్చింది, నీళ్ళు తెచ్చింది. ఒత్తేవాళ్ళు ఒత్తారు. కాళ్ళు పడిపోయి మంచంలో ఉన్నవాళ్ళను మంచంతో సహా మోసుకొచ్చి, రాయి ముందు దించారు. సుంకులమ్మ ఒక్కతే పళ్ళెం పట్టేది. ఇంకొకరు పడితే వెలుగు వణికేది. ఆమె ఏళ్ళ తరబడి గిన్నెలు ఎండకు పట్టి చూసుకున్న మనిషి కదా, ఆమె చేతిలో నిలిచేది. ఒక రాయి మీద కుండ లేచింది. ఒక రాయి మీద విల్లు లేచింది. దస్తగిరి ఆ విల్లు ముందు మోకరిల్లి, చాలాసేపు లేవలేదు.

అయితే ఒక చిక్కు. ఇవాళ చూసింది రేపటికి తారుమారయ్యేది. "నిన్న మాది మూడోది గదా?" "కాదు, నాలుగోది." మళ్ళీ జగడం మొదలయ్యేటట్టుంది. అప్పుడు సుంకులమ్మ మిట్ట కింద నేల ఊడ్చి, పేడ నీళ్ళు చల్లి, ముగ్గు వేసింది. రాళ్ళు ఎట్లా ఉన్నాయో చుక్కలు అట్లా. వరసకు వరస. పలికిన రాయి చుక్క చుట్టూ దాని బొమ్మ గీసేది. కొడవలి, కుండ, విల్లు, మగ్గం, మేకతల. గాలికి చెదిరిపోతే మర్నాడు పొద్దున్నే మళ్ళీ వేసేది. ఆడవాళ్ళంతా పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నారు. చుక్కల ముగ్గు ఎవరికి రాదు? రాయిలో పోయింది ఇప్పుడు ఊరి వేళ్ళలోకి వచ్చింది.

ఎండలు ముదిరాయి. ఆ ఏడు చైత్రం ఎట్లాంటిదంటే, కాకులు కూడా మధ్యాహ్నం పూట నోరు మూసుకున్నాయట. సుంకులమ్మ నీడకు రాలేదు. పళ్ళెం కాగి, అరచేతులు బొబ్బలెక్కాయి.

"సద్ది తాగక్కా" అనేవాడు దస్తగిరి.

"నా బిడ్డ దొరకనీ, తాగుతా."

"ఒక్క ముద్ద తినవే, మొండిదానా!" అనేది నాగక్క, చేత్తో ముద్ద పట్టుకుని.

"నా బిడ్డ దొరకనీ అమ్మా, తింటా."

అమావాస్య పొద్దు పొడిచింది. ముగ్గులో అన్ని చుక్కలకూ బొమ్మలు వచ్చాయి. ఒక్క చుక్క మిగిలింది.

సుంకులమ్మ ఆ ఒక్క చుక్కను చూసింది. లేచి, పళ్ళెం పట్టుకుని, ఆ రాయి దగ్గరికి పోయింది. చేత్తో తడిమింది. మిట్ట మీద అంత నునుపు రాయి ఇంకొకటి లేదు. పళ్ళెం ఇటు పట్టింది. అటు పట్టింది. కిందికి వంచి పట్టింది. వెలుగు రాయి మీద నీళ్ళలా జారిపోయింది. నీడ లేవలేదు. గజ్జె లేదు. పేరు లేదు.

అప్పుడే బండ్ల చప్పుడు.

మారప్ప దిగాడు. ఊరు ఊరంతా మిట్ట మీద నిలబడి ఉంది. ఇది ఆయన అనుకోలేదు.

"చూపించండి మల్ల" అన్నాడు.

చూపించారు. సుంకులమ్మ పళ్ళెం పడుతూ పోయింది, ఇంటివాళ్ళు పేరు చెబుతూ పోయారు. కొడవలి, కుండ, విల్లు. మారప్ప ప్రతి రాయి దగ్గరా వంగి, కళ్ళు చికిలించి, లేచాడు. చివరికి నునుపు రాయి దగ్గరికి వచ్చారు.

"ఇది?"

సుంకులమ్మ పళ్ళెం దించింది.

"ఇది నా బిడ్డ సామీ. ఓబుళమ్మ. గజ్జె ఉండె దీని మీద."

"ఏది గజ్జె?"

"లేదు సామీ. నేనే తీసేసినా." ఆమె గొంతు ఆరిపోయి ఉంది. "అందరూ ఏడాదికొక తూరి తోమినారు. నేను అమావాస్య అమావాస్యకూ తోమినా. అందుకే అందరి బిడ్డలూ మిగిలినారు. నా బిడ్డ మిగల్లేదు."

మారప్ప పక్కకు చూశాడు. కానీ ఉద్యోగం ఉద్యోగమే.

"నేనేం చేస్తానమ్మా. పేరు లేకుంటే బురుజుది."

కూలీలు తాళ్ళు తీసుకుని ముందుకు వచ్చారు. సుంకులమ్మ రాయికి వీపు ఆనించి కూర్చుంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. "ఒక్క ఘడియ" అంది. ఎండ ఆమె ముఖం మీద పడుతోంది. చెమట లేదు. కూలీల్లో ఒకడు ఆగాడు, ఇంకొకడు ఆగాడు. ఆ ఘడియ అయిపోయింది. ఇంకా కాసేపయింది.

"లెయ్యమ్మా" అని కూలీ ఒకడు భుజం తట్టాడు. తల ఒరిగిపోయింది. వడదెబ్బ ఎప్పుడు కొట్టిందో, ఆమె ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. పళ్ళెం మాత్రం ఒళ్ళో జారకుండా ఉంది.

కూలీ చేతిలోని తాడు కింద పడేశాడు.

"పానం పోయిన మనిషి ఆనుకున్న రాయి మేం మొయ్యం" అన్నాడు.

"మోయండ్రా!" అన్నాడు మారప్ప, గొంతులో నగారా లేదు. "పేరుంటే మీది, పేరు లేకుంటే..."

"పేరుంది" అంది నాగక్క.

ఆమె ముందుకు వచ్చి, రాయి పక్కన నిలబడింది. "ఓబుళమ్మ."

"ఓబుళమ్మ" అన్నాడు దస్తగిరి.

కుమ్మరి వాళ్ళు అన్నారు. మగ్గాల వాళ్ళు అన్నారు. మంచాల మీద మోసుకొచ్చిన ముసలివాళ్ళు అన్నారు. మిట్ట మిట్టంతా ఆ పేరు అంది. మారప్ప తలపాగా తీసి చంకలో పెట్టుకుని, బండ్లు వెనక్కి తిప్పించాడు. బండ్లు ఖాళీగా పోయాయి.

సుంకులమ్మను బిడ్డ రాయి పక్కనే పెట్టారు. పక్క ఊరి నుంచి రాతిపనివాణ్ణి పిలిపించి, నునుపు రాయి మీద పేరు లోతుగా కొట్టిద్దామని ఎవరో అన్నారు. దస్తగిరి ఒప్పుకోలేదు. "దాన్ని గీరింది చాలు. అట్లనే ఉండనీయండి" అన్నాడు. అట్లనే ఉంచారు. ఇప్పటికీ ఉంది. వర్షం పడ్డప్పుడు ఆ ఒక్క రాయి అద్దంలా ఉంటుంది.

ఇప్పుడు ఏం చేస్తారంటారా? చైత్ర అమావాస్య నాడు బండమిట్టలో చింతపండు వంటలోకి రాదు. చారులో లేదు, పులుసు అసలే లేదు, కూరలో లేదు. మామూలు రోజుల్లో చింతపండు లేనిదే ముద్ద దిగని వాళ్ళే అందరూ! ఆ రోజు చింతపండు తగిలేది ఒక్కదానికే, సుంకులమ్మ పళ్ళేనికి. ఏడాదికొక ఇంట్లో ఉంటుంది ఆ పళ్ళెం. ఎవరింట్లో ఉంటే ఆ ఇల్లాలు తెల్లారక ముందే లేచి, స్నానం చేసి, దాన్ని మెరిసేదాకా తోముతుంది. రాయికి మాత్రం దూది, నీళ్ళు. కొత్త కోడలు పొరబాటున రాయిని రుద్దబోతే, పక్కనున్న అత్త చెయ్యి పట్టుకుంటుంది. "ఒత్తమ్మా, తోమొద్దు" అంటుంది.

మిట్ట కింద ఆడవాళ్ళు ముగ్గు వేస్తారు. వరసకు వరస, బొమ్మకు బొమ్మ. వాగు పక్క వరస, సున్నం వరస ఉండాల్సిన చోట ఖాళీ వదిలేస్తారు, అక్కడ ఎవరూ కాలు పెట్టరు. ఒక చుక్క చుట్టూ ఏమీ గీయరు.

తర్వాత పళ్ళెం పట్టుకుని వరసలు నడుస్తారు. ప్రతి రాయి మీదా వెలుగు పాకిస్తారు, ఇంటివాళ్ళు పేరు చెబుతారు. చివరికి నునుపు రాయి దగ్గరికి వస్తారు. పళ్ళెం పడతారు. ఇటు పడతారు, అటు పడతారు, కిందికి వంచి పడతారు. ఏమీ కనపడదు. ఊరంతా ఒక్క గొంతుతో "ఓబుళమ్మా!" అంటుంది.

ఆ పేరు వాగు అవతలికి పోయి ఆగేదాకా ఆగుతారు. అప్పుడు అందరిలోకీ పెద్దామె ఒక విస్తరి వేసి, మొదటి ముద్ద దాంట్లో పెట్టి, "బిడ్డ దొరికింది సుంకులూ, ఇంక తిను" అంటుంది.

పెద్దిళ్ళ వాళ్ళు, చిన్నిళ్ళ వాళ్ళు, సాయిబులు, అందరూ ఆ విస్తరి పక్కనే ఒకే వరసలో కూర్చుని, పులుపు లేని ఆ అన్నం తింటారు.